పద్నాలుగు సిట్టింగులకు ఒక చెవి

అక్టోబర్ 4

ఇంటి పద్దు వేరు, కాన్వాసుల పద్దు వేరు. ఇది మూడోది. నిరుటి పుస్తకంలో సగం కాగితాలు ఖాళీగా మిగిలిపోయాయి. పారేయడానికి మనసొప్పలేదు. నా సంగతులు రాసుకుంటే సరిపోతుందనిపించింది.

ఇవాళ ఆయన మాట ఇచ్చారు. పియానో ఆవిడ బొమ్మ పూర్తి చేసి, జనవరి ప్రదర్శనలో పెట్టి, ఫిబ్రవరి పదకొండు ఓడకి ఇద్దరం ఇంటికి వెళ్ళిపోతాం. ఇల్లంటే మన దేశం. రెండేళ్ళుండి వెనక్కి వెళ్దామని వచ్చాం. పదిహేడేళ్ళయింది. చిత్రకారుడికి రెండేళ్ళేం సరిపోతాయి అనేవారు మొదట్లో. తరవాత అనడం మానేశారు.

అక్క ఉత్తరం చదివి వినిపించాను. తన కుట్టుబడిలో ఇప్పుడు ముప్పై మంది నేర్చుకుంటున్నారట. సరుకూ హాజరూ చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలట. "మార్చి ఒకటిలోగా నువ్వు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాను. నీ గది మాత్రం అలాగే ఉంటుంది." అక్క ఎవరినైనా గడువు పెట్టే ప్రేమిస్తుంది.

"వెళ్దాం. బొమ్మ కానీ," అన్నారు.

అక్టోబర్ 8

కాన్వాస్ నంబరు 212. గుడ్డ చట్రానికి బిగించి, జిగురు పూసి, ఆరాక తెల్లపూత మూడుసార్లు వేశాను. గరుకు కాగితంతో రుద్దాను. ఆయన వేలితో తడిమి చూసి, "పాలమీగడలా ఉంది," అన్నారు. ప్రతిదానికీ అదే అంటారు.

అక్టోబర్ 11

మొదటి సిట్టింగ్. ఆవిడ వచ్చి కూర్చునేది మంగళవారం, శుక్రవారం, రెండు నుంచి నాలుగున్నర దాకా. ఆ తరవాత ఆయన బొమ్మలు వేసే పైగదిలో వెలుతురు ఉండదు.

పియానో ఆవిడ మా కింది అంతస్తులో ఉంటుంది. డాన్సు నేర్పే బడిలో పియానో వాయిస్తుంది. భర్త అనువాదకుడు, రోజంతా నిఘంటువుల మధ్య కూర్చుంటాడు. ఈ ఊళ్ళో మన భాష మాట్లాడేవాళ్ళం కొద్దిమందిమే, అందుకని వరసలు కలుపుకున్నాం. అనువాదకుడు నన్ను అక్కయ్యా అంటాడు. ఆయన్ని బావా అంటాడు. ఆ లెక్కన పియానో ఆవిడకి నేను వదినని, ఆయన అన్నయ్య. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, దానంతట అదే అలా కుదిరింది.

"అన్నయ్యగారూ, ముక్కు మాత్రం కాస్త చిన్నదిగా వేయండి," అంటూ మెట్లెక్కింది.

అక్టోబర్ 22

నాలుగో సిట్టింగ్. రోజూ సాయంత్రం ఆయన కుంచెలు వంటింటి గట్టు మీద పెడతారు, నేను సబ్బుతో కడుగుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పద్ధతి. ఇవాళ తెచ్చిన కుంచెలు కడిగే ఉన్నాయి. శుక్రవారం కూడా అంతే. ఆయనకి ఎట్టకేలకు శుభ్రత అలవడింది. యాభై రెండేళ్ళకైనా అలవడినందుకు సంతోషించాలి.

అక్టోబర్ 29

కుంచెలు శుభ్రంగా ఉన్నాయి.

నవంబర్ 5

ఎనిమిదో సిట్టింగ్. పైగది సామాను నెలకోసారి చూసి పద్దులో రాస్తాను. రంగు పలచన చేసే టర్పెంటైన్ సీసా మీద పోయిన నెల మొదట్లో గీత పెట్టాను. వేలెడు కూడా తగ్గలేదు. తెల్లరంగు ట్యూబు మూత తీసినట్టు లేదు. పొదుపు కూడా అలవడిందనుకోవాలి. రెండు మంచి గుణాలు ఒకే నెలలో.

నవంబర్ 9

రాయడానికేమీ లేదు.

నవంబర్ 12

భోజనం దగ్గర, "ఈమధ్య కుంచెలు కడగాల్సిన పనే ఉండటం లేదండీ, చేతులకి హాయిగా ఉంది," అన్నాను. మెచ్చుకుందామనే అన్నాను. ఆయన సూప్ చెంచా నోటి దాకా తీసుకెళ్ళి, మళ్ళీ గిన్నెలో పెట్టేశారు.

"ఆలోచిస్తున్నాను. బొమ్మంటే చెయ్యి కదపడమేనా?" అన్నారు.

"కాదనుకోండి."

"ముందు చూడాలి. బాగా చూడాలి."

సూప్ మళ్ళీ వెచ్చబెట్టాను.

నవంబర్ 15

ఇవాళ ఆరు కుంచెలూ నిండా రంగుతో వచ్చాయి. ఆరింటికీ ఒకే నీలం. పిడి దాకా ఉంది. కడిగాను.

నవంబర్ 19

మళ్ళీ నీలమే. కడిగాను. ఆవిడ బట్టలు నీలం కాదు, బూడిద రంగు. వెనకనున్న గోడ పసుపు. ఆకాశం వేస్తున్నారేమో అనుకున్నాను. గదిలో కూర్చున్న మనిషికి ఆకాశం ఎక్కడిదని మళ్ళీ అనుకున్నాను. అంతటితో ఆపాను.

నవంబర్ 22

మెట్ల మీద బట్టలు ఆరేస్తున్నాను. పైనుంచి పియానో ఆవిడ దిగుతోంది, వెనక ఆయన. నేనక్కడ ఉన్నది గమనించలేదు.

"చూడండి, మఫ్లర్ పైనే వదిలేశాను," అంది.

ఆయన వెళ్ళి తెచ్చి ఇచ్చారు.

"ఇదిగోండి, గుండీ ఊడిపోయేలా ఉంది," అంది ఆయన కోటు చూసి.

అన్నయ్యగారూ అనలేదు. గుర్తు చేసుకుంటే ఈ నెలలో ఒక్కసారి కూడా అనలేదు. ఏమీ అనడం లేదు. చూడండి, ఇదిగోండి, ఇలా రండి. పేరూ వరసా లేకుండా ఆయన్ని అలా పిలిచే మనిషిని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే.

గుండీ కుట్టాను. నిజంగానే ఊడిపోయేలా ఉంది.

నవంబర్ 27

నిన్నటితో పద్నాలుగు సిట్టింగులు. ఇవాళ ఆయన ప్రదర్శనశాల వాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళారు. నేను పైగదికి వెళ్ళాను. సామాను చూసే రోజు ఇంకా రాలేదు, అయినా వెళ్ళాను.

బొమ్మ నిలబెట్టే ఈజెల్ మీద 212 గోడవైపు తిరిగి ఉంది. ఇటు తిప్పాను. బొగ్గుతో గీసిన గడ్డం గీత ఉంది. ఒక చెవి ఉంది. ఎడమది. మిగతాదంతా నేను వేసిన తెల్లపూత. పాలమీగడలా ఉంది.

కిటికీ పక్కన ఒక పళ్ళెంలో నీలం రంగు ట్యూబులోంచి పిండి పెట్టి ఉంది. కుంచెలు ముంచుకోవడానికి.

మళ్ళీ గోడవైపు తిప్పి వచ్చేశాను. పద్దులో ఏం రాయాలో తెలియలేదు. "212: పని జరుగుతోంది" అని రాశాను.

నవంబర్ 29

ఇవాళ సిట్టింగ్ లేదు. జల్లెడ అడగడానికి కింద శిల్పి దగ్గరికి వెళ్ళాను. ఆవిడకి డెబ్బై ఏళ్ళు. రాళ్ళు చెక్కుతుంది, చుట్ట కాలుస్తుంది, నన్ను పిల్లా అంటుంది. నాకు నలభై ఎనిమిది.

"ఏమే పిల్లా, మీ ఆయన బొమ్మ ఎందాకా వచ్చింది?"

"చెవి దాకా వచ్చిందండీ."

"ఏ చెవి?"

"ఎడమది."

చుట్ట నోట్లోంచి తీసింది. "పద్నాలుగు రోజులిస్తే నేను రాతిలోంచి మనిషిని నడుం దాకా బయటికి లాగుతాను. వీడు చెవి పట్టుకుని వేలాడుతున్నాడా?"

"వెలుతురు సరిగ్గా ఉండటం లేదటండీ."

"నీకు సరిగ్గా ఉందా వెలుతురు?"

"మా వంటింటి కిటికీ తూర్పుకండీ. బాగానే వస్తుంది."

కాసేపు నా మొహం చూసింది. ఏ రాయి ఎక్కడ పగులుతుందో చూసే చూపు. "నిప్పు తొక్కిన కోతిలా గంతులేస్తావేమో అనుకున్నాను. నువ్వేమో కిటికీ లెక్క చెప్తున్నావు," అంది.

జల్లెడ ఇచ్చింది. సోమవారం తిరిగివ్వాలి.

డిసెంబర్ 1

ఆదివారం. ఆయనా పియానో ఆవిడా ఇంకో నలుగురితో కలిసి ఎవరిదో కచేరీకి వెళ్ళారు. అనువాదకుడు వెళ్ళలేదు, అచ్చుకివ్వాల్సిన కాగితాలున్నాయన్నాడు. నేను ఉతికిన తెరలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. టీ పెట్టాడు. వాళ్ళింట్లో టీ అతనే పెడతాడు, పలచగా.

"అక్కయ్యా, చూశావా, ప్రదర్శన అయ్యాక బొమ్మ తగిలించుకోవడానికి మేకు కొట్టేశాను." గోడ మధ్యన మేకు ఉంది. పక్కనున్న పటాలన్నీ పక్కకి జరిపి చోటు చేశాడు.

"బాగుంది," అన్నాను.

"నువ్వు పైకెళ్ళి చూశావా?"

"చూశాను. చెవి బాగా వచ్చింది."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దుద్దు ఉందా దానికి?"

"లేదు."

"వెళ్ళేటప్పుడు దుద్దులు తీసి ఆ గిన్నెలో పెట్టి వెళ్తుంది. ఎందుకూ అన్నాను. చెవి గీసేటప్పుడు అడ్డమట."

"గీసింది ఒక చెవే."

"తీసేది రెండూ."

ఇద్దరం టీ తాగాం. వీధిలో ట్రాము వెళ్ళింది. కప్పులు కదిలాయి.

"బావ మంచివాడక్కయ్యా," అన్నాడు.

"అవును."

"మా ఆవిడా మంచిదే."

"అవును."

"మరి మనిద్దరం?"

"టీ చల్లారిపోతోంది," అన్నాను.

నవ్వాడు. నవ్వి, ఆ మేకు వైపు చూస్తూ అన్నాడు: "బొమ్మ పూర్తయితే మీరు వెళ్ళిపోతారు కదూ?"

"పూర్తయితే వెళ్తాం. ఆయన మాట ఇచ్చారు."

"అయితే పూర్తి చేయించు. నేను పైకి వెళ్తే గొడవవుతుంది. నువ్వు వెళ్తే పని జరుగుతుంది."

ఆ మాట నాకు సబబుగా తోచింది.

డిసెంబర్ 3

రెండు కావడానికి ఐదు నిమిషాల ముందు బొగ్గుల బకెట్టు, నీళ్ళ కూజా, ఆయన మేజోళ్ళు, సూదీ దారం తీసుకుని పైగదికి వెళ్ళాను. పొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను.

"ఏమిటిది?" అన్నారు ఆయన.

"చలి ముదిరిందండీ. కదలకుండా కూర్చునే మనిషికి జలుబు చేస్తుంది. పొయ్యి చూసుకుంటాను."

"నేను చూసుకోనా?"

"మీరు బొమ్మ చూసుకోండి."

పియానో ఆవిడ వచ్చింది. గుమ్మంలో ఆగింది. "వదినగారూ! మీకెందుకండీ శ్రమ?"

"శ్రమేముందమ్మా. మేజోళ్ళు ఎక్కడ కుట్టినా ఒకటే."

కూర్చుంది. ఆయన చాలాసేపు నిలబడ్డారు. తరవాత ట్యూబు మూత తీయబోయారు. మూత పట్టేసింది, నేను తీసిచ్చాను.

సాయంత్రం కుంచెలు కడిగాను. నాలుగు రంగులు. నీలం లేదు.

డిసెంబర్ 6

పదహారో సిట్టింగ్. నుదురూ జుట్టూ వచ్చాయి. మధ్యలో, "కాస్త మంచినీళ్ళు తెచ్చిపెడతావా," అన్నారు. కూజా పక్కనే ఉంది, గ్లాసులో పోసి ఇచ్చాను. "కింద టపా వచ్చిందేమో చూడు," అన్నారు. పొద్దునే తెచ్చి బల్ల మీద పెట్టానని చెప్పాను. మూడోది ఆలోచించుకోలేక బొమ్మ వేశారు.

డిసెంబర్ 10

రెండు కళ్ళు. రెండు జతల మేజోళ్ళు.

డిసెంబర్ 13

ఆయన నన్ను రెండుసార్లు వేశారు. మొదటిది పెళ్ళైన ఏడాది. రెండోది ఇక్కడికి వచ్చాక, నేను బంగాళదుంపలు ఒలుస్తుండగా. బంగాళదుంపలు అద్భుతంగా వచ్చాయని పత్రికలో రాశారు. ఆ కత్తిరింపు ఎక్కడో దాచాను.

ఇవాళ పీట మీద కూర్చుని ఆయన్ని చూశాను. పనిచేస్తుంటే చూడటం చాలా ఏళ్ళ తరవాత. నన్ను వేసినప్పుడు ఆయన కాన్వాస్ ఎక్కువ చూసేవారు, నన్ను తక్కువ. ఇప్పుడు తిరగబడింది. చెయ్యి దాని దారిన అది పోతోంది. నాలుగున్నరైందని నేను చెప్పేదాకా ఇద్దరికీ తెలియలేదు.

డిసెంబర్ 17

పందొమ్మిదో సిట్టింగ్. పొయ్యిలో బొగ్గు అయిపోయి కిందికి వెళ్ళాను. నాలుగు నిమిషాల్లో వచ్చాను. ఆయన ఈజెల్ దగ్గరే ఉన్నారు, ఆవిడ కుర్చీలోనే ఉంది. ఎవరి చోటు నుంచి ఎవరూ కదల్లేదు. కానీ ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి. ఆయన తుడవలేదు. వేస్తున్నారు.

పొయ్యిలో బొగ్గు వేసి కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు పట్టింది. కళ్ళజోడు మార్పించుకోవాలి.

డిసెంబర్ 20

సిట్టింగ్ అయ్యాక మెట్ల మీద పియానో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"వదినగారూ, నన్ను ఒక్క మాటైనా అనరేం?"

"కదలకుండా బుద్ధిగా కూర్చున్నావు. అనడానికేముంది?"

"నాకు తిట్లే నయం."

"చేతులు చల్లగా ఉన్నాయి నీవి. పియానో వాయించేదానివి, తొడుగులు వేసుకో," అన్నాను.

ఏడ్చింది. బకెట్టు చేతిలో ఉంది కాబట్టి నేనేం చెయ్యలేకపోయాను. ఖాళీ బకెట్టే.

డిసెంబర్ 27

చేతులు వచ్చాయి. రెండో చెవి జుట్టు కింద దాచేశారు.

డిసెంబర్ 31

ఇరవై మూడో సిట్టింగ్. అయిపోయింది. మొదటి పద్నాలుగూ తీసేస్తే తొమ్మిది. అక్కకి ఉత్తరం రాశాను, ఫిబ్రవరి ఓడకి వస్తున్నామని. రాశాకే పైకి వెళ్ళి బొమ్మని నింపాదిగా చూశాను. ముందు చూసి ఉంటే ఉత్తరం ఎలా రాసేదాన్నో తెలియదు.

బూడిదరంగు బట్టల్లో ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంది, అంతే. కాళ్ళు కనపడవు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పిలవబోతోంది. ఏ వరసా పెట్టి కాదు.

ముందు నిలబడ్డవాళ్ళకెవరికైనా తెలిసిపోతుంది. చదువు రాని వాళ్ళకి కూడా తెలిసిపోతుంది.

రెండు వందల పన్నెండు కాన్వాసుల్లో ఇదే అన్నిటికంటే బాగుంది. నేనే దగ్గరుండి వేయించాను.

జనవరి 3

ఇల్లంతా దులిపాను.

జనవరి 18

ప్రదర్శన. జనం 212 ముందే ఆగిపోతున్నారు. మాటలు తగ్గించి చూస్తున్నారు. మిగతా బొమ్మల దగ్గర కబుర్లు చెప్పుకున్నవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి గొంతు సవరించుకుంటున్నారు. ఎవరో పెద్దమనిషి కొంటానన్నాడు. ఆయన అమ్మనన్నారు. బొమ్మ అమ్మనని ఆయన అనడం ఇదే మొదటిసారి.

శిల్పి నా పక్కకి వచ్చింది. "నువ్వేం చేశావో తెలుసా పిల్లా నీకు?"

"పొయ్యి చూసుకున్నానండీ."

"పిచ్చిదానా. చెవి దగ్గరే వదిలేస్తే ఓ ఏడాదిలో విసుగెత్తేది వాడికి."

ఆ సంగతి నాకు తట్టలేదు. పని సగంలో ఉంటే పూర్తి చెయ్యాలనే అనుకుంటాను నేను.

అనువాదకుడు చాలాసేపు బొమ్మ ముందు నిలబడ్డాడు. పియానో ఆవిడ రాలేదు, తలనొప్పి. బయటికి వెళ్తూ నా దగ్గర ఆగాడు. "నేను పదేళ్ళ నుంచి ఆ మొహం చూస్తున్నానక్కయ్యా. ఇలా ఉంటుందని తెలియదు. మేకు పీకేస్తాను," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. టోపీ మాత్రం మర్చిపోయి వెళ్ళాడు, నేను తెచ్చి ఇచ్చాను.

జనవరి 25

ఓడ సంగతి ఎత్తాను.

"వార్నిష్ వెయ్యాలి కదా," అన్నారు.

"ఆరు నెలలు ఆరితే గానీ వెయ్యకూడదండీ."

"అదే నేననేది. తడిబొమ్మని వదిలి ఎలా వస్తాను?"

"బొమ్మనా?"

ఇరవై రెండేళ్ళలో ఆయన్ని నేనడిగిన ఒకే ఒక ఎదురుప్రశ్న ఇదేననుకుంటాను. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళారు. కిందింట్లో పియానో మోగుతోంది, పాట కాదు, వేళ్ళ సాధన. ఎక్కడం, దిగడం.

"నేను నిన్నెప్పుడైనా బాధపెట్టానా?" అన్నారు అటే తిరిగి.

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

జనవరి 26

ఆలోచించాను. చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు.

ఫిబ్రవరి 1

టికెట్లు తీసుకున్నాను. ఒక గదిలో రెండు పడకలు. ఇద్దరి పేరు మీదా తీసుకున్నాను. ఆఖరి నిమిషంలో కావాలంటే దొరకవని కౌంటరులో అతను చెప్పాడు. అందుకే.

ఆయనకి చూపించాను. "మంచిది, మంచిది," అన్నారు. బల్ల మీద పెట్టాను. నాలుగు రోజులుగా అక్కడే ఉంటే బూజు పడుతుందని నా సంచిలో పెట్టుకున్నాను. నాలుగు రోజులు అని రాశాను, ఇవాళే కదా తెచ్చింది. పొరపాటు. కొట్టేయను.

ఫిబ్రవరి 7

సామాను సర్దడం అయింది. నావి ఒక పెట్టె, ఒక సంచి. ఆయన పెట్టె కూడా సర్ది తలుపు దగ్గర పెట్టాను.

ఫిబ్రవరి 9

ఆయన పెట్టెలోంచి చొక్కాలు రెండు తీసుకున్నారు. వేసుకోవడానికి ఉండాలి కదా.

ఫిబ్రవరి 10

సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి గట్టుకి ఆనుకుని నిలబడ్డారు. ఇప్పుడు చెప్తారనుకున్నాను. చేతులు తుడుచుకుని నేనూ నిలబడ్డాను.

"అడుగుదామనుకుంటూ మర్చిపోతున్నాను. ఆ జిగురు, కాన్వాస్‌కి పూసేది, నీళ్ళెన్ని పాళ్ళు పోస్తావు?" అన్నారు.

"ఒకటికి పది. ముందు రోజే నానబెట్టాలి. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి గానీ పొయ్యి మీద మరగనివ్వకూడదు. మరిగితే పట్టు పోతుంది."

"అంతేనా?"

"అంతే. రాసుకోండి."

"గుర్తుంటుందిలే," అన్నారు.

ఫిబ్రవరి 11

ఓడ. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. కింది పడక నాది.

పొద్దున రేవు దాకా అనువాదకుడు వచ్చాడు, పెట్టె మోశాడు. "వెళ్ళొస్తానని చెప్పకక్కయ్యా, వెళ్తానని చెప్పు," అన్నాడు. అలాగే చెప్పాను. ఆయన ఇంట్లోనే ఉన్నారు. దారిలో కొనాల్సినవేవో ఉన్నాయి, నువ్వు పద, నేను వెనకే వస్తాను అన్నారు.

రెండోసారి కూత వేసేటప్పటికి పక్క గదులవాళ్ళంతా తలుపులు వేసేసుకున్నారు. నేను మాత్రం ఓడ కదిలేదాకా తలుపు తెరిచే ఉంచాను. గాలి కోసం.